పన్ను పీకించే ముందు

రాత్రంతా లవంగం నొక్కిపెట్టుకుని దవడ పట్టుకు కూర్చున్నవాళ్లు ఈ పూట వింటూనే ఉంటారు. పీకించేస్తే పీడా పోతుందని మా అమ్మమ్మ పీకించేసుకుంది. ఆ తర్వాత జంతికలు దంచుకు తినేది.

కానీ చాలాసార్లు చెడింది లోపలి గుజ్జే, పన్నంతా కాదు. అలాంటప్పుడు పన్ను పీకకుండా రూట్ కెనాల్ చేయించుకోవచ్చు. మత్తిచ్చి, పైనుంచి చిన్న రంధ్రం చేసి, సూదుల్లాంటి సన్నని ఫైళ్లతో వేర్లలోని కాలువలు గీకి కడుగుతారు. దవడపంటికి అవి మూడో నాలుగో ఉంటాయి. ఒకటి వదిలేస్తే నొప్పి మళ్లీ రావచ్చు. ఖాళీని నింపేది గట్టాపెర్చా, మలయా అడవుల్లోని చెట్టుపాల గడ్డ. ఒకప్పుడు సముద్రం అడుగున టెలిగ్రాఫ్ తీగలకూ ఇదే తొడుగు!

చివర్లో పన్ను మీద క్యాప్ వేయించుకోవాలి, కానీ నొప్పి తగ్గగానే చాలామంది అది ఎగ్గొడతారు. లోపల నింపినా, ఆ పన్ను చుట్టూ మిగిలేవి పలచని గోడలే. పల్లీ చిక్కీ కొరికినా నిలువునా చీలొచ్చు. వేరుదాకా చీలితే ఇక పీకడమే.