తెలియనివారి యొద్ద కొనుట



లూకా సువార్త 15వ అధ్యాయములోని స్త్రీ పోగొట్టుకొనిన నాణెమును వెదకి కనుగొన్నది. నాణెము ఆమెదే గనుక ఇరుగుపొరుగు వారిని పిలిచి సంతోషించుటకు ఆమెకు అడ్డేమియు లేకపోయెను. అయితే వెదకువాడొకడు, నాణెము గలవారు వేరొకరు అయినప్పుడు? వెదకువానికి దాని వెల తెలిసి, గలవారికి తెలియనప్పుడు? వాడును పొరుగువారిని పిలిచి సంతోషింపవచ్చునా?

ఇది పట్నపు ధనవంతుల వేడుకకు చెందిన సంగతి యని పుట తిప్పివేయకుడి. మన తెనాలి, రేపల్లె, బాపట్ల పల్లెలలో ఎన్నో యిండ్ల పాత పెట్టెల అడుగున, గుడ్డలో ముడివేసిన వెండి రూపాయలు నేటికిని కలవు. కరవు వచ్చినప్పుడో, పిల్లవాని చదువుకో ఆ ముడి విప్పుదురు.

నాణెములు కూర్చువారు ఒక్కొక్క రాజు పేరిటి రూపాయలను సంవత్సరము వెంబడి సంవత్సరముగా వరుస పెట్టుకొందురు. ఆరవ జార్జి రూపాయల వరుసలో 1939 యొద్ద చాలమందికి గడి ఖాళీగా నుండును. ఆనాటి మేలి రూపాయి తులము బరువు, అనగా సుమారు 11.66 గ్రాములు; పండ్రెండు పాళ్లలో పదునొకండు పాళ్లు వెండి. 1940లో వెండిని సగమునకు తగ్గించిరి. యుద్ధకాలమున ప్రభుత్వము పాత మేలి రూపాయలను వెనుకకు రప్పించెను. 1947లో వచ్చిన రూపాయి నికెలుది. దానిలో వెండియే లేదు. 1938 సంవత్సరపు రూపాయలు వెదకినవారికి దొరకును. 1939వి మిగిలినవి బహు కొద్ది. బరువొకటే, వెండియొకటే, రాజు ముఖమొకటే. కడపటి అంకె 9 అయినచో వెండి వెలను మించి వేలకొలది రూపాయలు పలుకును. ఈ కారణముచేతనే 8ని 9గా చెక్కి అమ్ము మోసగాండ్రును కలరు.

ఇప్పుడు మీరు తెనాలిలో ఒక వెండి బంగారపు అంగడిలో కూర్చున్నారని తలంచుకొనుడి. పదియేండ్లుగా మీరు ఆ 1939 కొరకు వెదకుచున్నారు. పల్లెనుండి వచ్చిన ఒక విధవరాలు మనుమని ఫీజు నిమిత్తము ఏడు రూపాయలు కాటాలో పోసినది. వాటిలో ఒకటి అదే. ఆమె మీవైపు తిరిగి, “ఏం నాయనా, కంసాలి తూకానికే లెక్క కడతానంటున్నాడు. నువ్వు చదువుకున్నవాడివి, ఇచ్చెయ్యమంటావా?” అని అడిగినది. మీరు, “నాకివ్వు పిన్నమ్మా, తూకానికి రెండింతలిస్తాను” అన్నయెడల ఆమె మిమ్మును దీవించి పోవును. మీరు అబద్ధమాడలేదు, దొంగిలింపలేదు. ఆమె అడిగిన దానికంటె ఎక్కువే యిచ్చితిరి. ఇందులో తప్పేమున్నది?

ఇట్లు కొనువాని పక్షమున చెప్పదగిన మాటలు లేకపోలేదు. వాటిని తేలికగా త్రోసివేయరాదు. పదియేండ్లు చదివి, కండ్లు కాయలు కాయగా చూచి సంపాదించిన జ్ఞానమునకు కూలి లేదా? వైద్యుడు తన చదువుకు ఫీజు పుచ్చుకొనుటలేదా? మరియు అతడు అక్కడ లేకపోయినచో ఆ రూపాయి కంసాలి మూసలో కరగి పట్టీలయ్యెడిది. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుచుండగా నాగలికి ఇటుక కట్టడము తగిలెను. త్రవ్వి చూడగా చిన్న గుడి శిథిలమును, దాని క్రింద ఒక చిన్న కుండయు, కుండలో రోమా చక్రవర్తుల బంగారు నాణెములును కనబడెను. రైతు వాటిని పాత బంగారము క్రింద అమ్మివేసెను. వాటిలో అనేకము కరగిపోయెను. ఆర్కాటు నవాబు కుమారుడు చేజిక్కించుకొనిన ముప్పదికి పైచిలుకు మాత్రము మిగిలెను. తెలిసిన కన్ను ముందుగా అక్కడ నుండినయెడల ఎన్ని నిలిచెడివో! (నేలలో దొరికిన దాని సంగతి నేడు వేరు. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయల వెలకు మించిన నిక్షేపము దొరికినవాడు కలెక్టరుకు తెలుపవలెను. దానిని గుట్టుగా బేరమాడు హక్కు మనకెవరికిని లేదు.)

మరికొందరు వాక్యమునే అడ్డము పెట్టుకొందురు. మత్తయి 13వ అధ్యాయములో పొలమందు ధనము కనుగొన్నవాడు దానిని మరుగుచేసి, పొలము కొనెను గదా, పొలము గలవానికి చెప్పెనా అందురు. ఆ ఉపమానము వ్యాపారపు పాఠము కాదు. అన్యాయస్థుడైన గృహనిర్వాహకుని ఉపమానము దొంగలెక్కలకు అనుమతి కానట్లే ఇదియు. దాని వెంటనే యున్న ముత్యముల వర్తకుని చూడుడి. వాడు తెలిసినవాడే, వెదకువాడే. అయినను ఆ ముత్యము కొనుటకు తనకు కలిగినదంతయు అమ్మవలసివచ్చెను. అనగా వానికి ఆ ముత్యము కారుచౌకగా దొరకలేదు! వెలగల దానికి వెల చెల్లించినవాడే మన యెదుట పెట్టబడియున్నాడు.

అబ్రాహామును చూడుడి. సోహరు కుమారుడైన ఎఫ్రోను మక్పేలా పొలమును ఊరకనే యిచ్చెదనని మర్యాదకు పలికినను, అతడు నాలుగు వందల తులముల వెండి తూచి, నిండు వెల యిచ్చి కొనెను. ఎక్కువ యిచ్చెనని నవ్వువారు నవ్వవచ్చును. తరతరములు ఆ సమాధిని గూర్చి వేలెత్తి చూపుటకు ఎవరికిని సందు లేకుండ చేసెను. సామెతల గ్రంథము 20వ అధ్యాయములో దీనికి ఎదురైన మనిషి కలడు. సరకు ఎదుట దానిని తెగడి, అవతలికి పోయి తన బేరమును పొగడుకొనును. మూడు వేల యేండ్ల నాటి ఆ మనిషిని మన సంతలలో ప్రతివారమును చూచుచునేయున్నాము.

హిప్పో సంఘాధ్యక్షుడైన అగస్టీను త్రిత్వమును గూర్చి వ్రాసిన గ్రంథపు 13వ భాగములో సరిగా మన సంగతినే యెత్తెను. చౌకగా కొని ప్రియముగా అమ్ముటయే అందరి కోరికయని ఒక నటుడు నాటకశాలలో చెప్పగా జనులు మెచ్చి నవ్విరట. అగస్టీను అది అందరి విషయములో నిజము కాదనుచు, తానెరిగిన ఒకని మాట చెప్పెను. ఆ మనిషి యొద్దకు ఒక పుస్తకము అమ్మకమునకు వచ్చెను. అమ్మువాడు వెల యెరుగక కొంచెమే అడిగెను. కొనువాడు, అమ్మువాడు తలంపని నిండు వెలను వాని చేతిలో పెట్టెను. ఇంత చేయుట అందరికిని విధియా, లేక అది ఆ మనిషి ఔదార్యమా?

నా మట్టుకు ఇట్లు తోచుచున్నది. హైదరాబాదులోనో చెన్నపట్నములోనో నాణెముల వర్తకుని యొద్ద, వాడు గమనింపని అరుదైన రూపాయిని వాడు చెప్పిన ధరకు కొనినచో మీ నిద్ర చెడనక్కరలేదు. వాని జీవనమే అది; వెలల పట్టికలు వానికిని కలవు. రేపు వాడును అట్లే మరియొకని యొద్ద కొనును. ఈ పిన్నమ్మ సంగతి వేరు. ఆమె బీదది యగుట మాత్రమే కాదు, ఆమె మిమ్మును అడిగినది. “ఇచ్చెయ్యమంటావా?” అన్న నిమిషముననే మీరు కొనువారు మాత్రమే కాక ఆమెకు ఆలోచన చెప్పువారైతిరి. అంతవరకు మీ మౌనము బేరములోని మౌనము. ఆ తరువాతిది సాక్షి నోరు కట్టుకొనుట. దుగ్గిరాల యార్డులో పసుపు ధర ఎక్కినదని ఎరిగిన బంధువొకడు, మీరు ధర అడుగగా నవ్వి, నిన్నటి ధరకే మీ గుమ్మములో కాటా పెట్టినయెడల వానిని మీరేమందురు? “వాడు అబద్ధమాడలేదు” అని ఊరకుందురా?

కాబట్టి ముందు చెప్పుడి, తరువాత బేరమాడుడి. “పిన్నమ్మా, వీటిలో ఒకటి వెండి వెలది కాదు. మరియొకరికి కూడ చూపించు. అమ్మదలచినచో నేను కొనెదను” అనుడి. అంకె చెక్కినదేమో యను భయము మీది, దానిని పరీక్ష చేయించు ఖర్చు మీది. వాటికి తగినంత తగ్గించి యడుగుట అన్యాయము కాదు. చెప్పి తగ్గించుట వేరు, చెప్పక దిగమ్రింగుట వేరు.

ఒక అభ్యంతరము నిజముగా బలమైనది. ఒకరికి చెప్పినచో ఊరంతయు చిల్లుకాణీలు, బేడలు మూటగట్టుకొని లక్షలు రావలెనని బయలుదేరుదురు. ఫోనులలో వచ్చు ప్రకటనలు చూచి పాత నాణెమునకు లక్షలు వచ్చునని నమ్మి, ముందుగా రుసుము కట్టుమనిన కట్టి మోసపోవు అమాయకులు కలరు. ఆ ప్రకటనలలో తన పేరు వాడుకొనుచున్నారని రిజర్వు బ్యాంకు 2021లో ప్రజలను హెచ్చరింపవలసివచ్చెను. అయితే ఆ మోసమునకు విరుగుడు మన మౌనమా? ఊరిలో తెలిసినవాడు ఒకడు నోరు విప్పి, “ఇది కాణీయే, ఇది రూపాయే, ఇదిగో ఇది మాత్రము అరుదైనది” అని నిజము చెప్పినచో ఫోనువానికి అక్కడ పని తక్కువ. ఆ మనిషి మాట నమ్మబడవలెనన్న, తనకు నష్టము వచ్చు నిజమును కూడ వాడు చెప్పినవాడై యుండవలెను.

చెప్పినమీదట ఆమె అమ్మకపోవచ్చును. “ఆయన చేతి సొమ్ము నాయనా, అంత వెల గలదైతే మనుమరాలి పెండ్లిదాకా ఉంచుతాను” అని ఆరు రూపాయలు మాత్రము కంసాలికి తూచి, ఏడవదానిని మరల కొంగున ముడివేసికొని వేమూరు బస్సెక్కవచ్చును. మీ పెట్టెలో 1938కిని 1940కిని నడుమ ఆ గడి అట్లే యుండును.