ఎవరి కిందా పనిచేయనివారి ఋణం

ఇంట్లోనో చిన్న గదిలోనో కంప్యూటర్ ముందు కూర్చుని ఫ్లెక్సీలు, పెళ్లి పత్రికలు, లోగోలు తయారుచేసే ఫ్రీలాన్స్ డిజైనర్‌కు పైఅధికారి ఉండడు. అలాంటివారు ఎవరికైనా బాకీ పడి ఉంటారా అన్నది భారతీయ చింతనలో పాత ప్రశ్నే. గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో దానికి బరువు ఎక్కువ. ఇక్కడ ఒక తరం బతుకంతా బొగ్గు గనుల మస్టర్ (హాజరు), షిఫ్టు, డ్యూటీ చుట్టూ తిరిగింది.

సింగరేణిలో బొగ్గు తవ్వకం 1889లో ఇల్లందు వైపు మొదలైంది. రామగుండం గనులు చాలాకాలం తర్వాత వచ్చాయి. పల్లెలు వదిలి వచ్చి బాయి (గని) పనిలో చేరినవారితో గోదావరిఖని పట్టణమైంది. ఈ ప్రాంతంలో డిజైన్ పని చేస్తున్న గని కార్మికుల పిల్లల చదువు, మొదటి కంప్యూటర్ ఆ గని జీతం నుంచే వచ్చాయి. తండ్రి భూమి లోపల చేసిన కష్టం మీద పిల్లల స్వేచ్ఛావృత్తి నిలబడింది.

తైత్తిరీయ సంహిత ప్రకారం బ్రాహ్మణుడు మూడు ఋణాలతో పుడతాడు: ఋషులకు, దేవతలకు, పితరులకు. శతపథ బ్రాహ్మణం ఆ మాటను పుట్టిన ప్రతివారికీ వర్తింపజేసి, నాలుగోదిగా మనుష్య ఋణాన్ని చేర్చింది. వేదాధ్యయనానికి పేరుపడ్డ మంథని పక్కనే ఉన్న ఈ బొగ్గు నేలకు మొదటి మాట కంటే ఈ విస్తరణే ముఖ్యం. గనిలో దిగినవారి సంతానానికి కూడా అందులో చోటుంది.

నోటు రాయని అప్పు అప్పెలా అవుతుందన్న ఆక్షేపణ బలమైనదే. అయితే ఈ ఋణాలు తీరే తీరు వేరు. ఋషుల ఋణం వారికి తిరిగి చెల్లించేది కాదు, అధ్యయనంతో తీరుతుంది. మనుష్య ఋణం అన్నం పెట్టి, ఆశ్రయమిచ్చి తీర్చేది. అందుకున్నది ఒకరి నుంచి, అందించేది మరొకరికి. ఈ లెక్కన కాలనీ పిల్లలకు డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్పడం ఋషి ఋణంలో భాగమే.

గుట్టలెక్కడం, గోదావరి ఒడ్డున నడవడం వంటి ఆసక్తుల వల్ల ప్రకృతికి పడే బాకీ సంగతి ఇంత తేలిక కాదు. ఔషధ మొక్కలకు పేరున్న రామగిరి ఖిల్లా ఎక్కినవారు అక్కడి గాలినీ నీడనూ అనుభవిస్తారు. అనుభవించడం బాకీని పెంచుతుందే తప్ప తగ్గించదు. పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞమంటే ప్రాణులకు ఏదైనా ఇవ్వడం, వాటిని చూసి ఆనందించడం కాదు. ఓపెన్‌కాస్ట్ గనుల మట్టి గుట్టలు కనిపించే ఊళ్లో ఈ తేడా మరీ స్పష్టం. డిజైనర్ విషయంలో ఆ తేడా పనిలోకే వస్తుంది. ఫ్లెక్సీ మీద పూత పీవీసీ, అంటే ప్లాస్టిక్. అది మట్టిలో కలిసిపోదు. గుట్టల మీద ప్రేమ ఉన్న డిజైనర్, వీలున్నచోట గుడ్డ బ్యానర్ వేయించుకొమ్మని చెప్పడం ఎంత చిన్నదైనా భూతయజ్ఞమే.

సేవ దగ్గర అసలు చిక్కు పేరుతో వస్తుంది. రక్తదాన శిబిరానికి ఉచితంగా చేసిన పోస్టర్ అడుగున తన పేరు, ఫోన్ నంబరు వేసుకుంటే అది దానమా, ప్రకటనా? తిరిగి ఏదో వస్తుందని చేసే దానాన్ని భగవద్గీత రాజసమంటుంది. ఇచ్చేటప్పుడు సిగ్గుతో ఇవ్వాలని తైత్తిరీయోపనిషత్తు ఉపదేశం. ఈ కొలతతో చూస్తే ఆ పోస్టర్ సగం దానమే. శిబిరానికి జనం రావడంలో లోటేమీ ఉండదు, ఇచ్చినవారి వైపు మాత్రం కొంత తగ్గుతుంది. డబ్బు తీసుకున్న పని మీద పేరుంటే తప్పులేదు.

బసవేశ్వరుడి మార్గంలో కాయకం, దాసోహం విడిగా ఉండవు. శ్రమ చేసి సంపాదించినదాన్నే పంచాలి. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం ద్వారా ఆయన కథ తెలుగువారికి తెలుగులోనే అందింది. డిజైనర్‌కు దగ్గరగా ఉన్న ఆలోచన బహుశా ఇదే, ఎందుకంటే పంచగలిగింది కూడా ఆ పనే.

హద్దు ఎక్కడన్నది మిగిలిన ప్రశ్న. కుటుంబానికి ఇబ్బంది కలగని మేరకే దానమని యాజ్ఞవల్క్య స్మృతి. తనవారు కష్టంలో ఉండగా పరాయివారికి ఇచ్చేదాన్ని మనుస్మృతి ధర్మంగా ఒప్పుకోదు. గని కార్మికుడికి నెలజీతం, కంపెనీ ఆసుపత్రి ఉంటాయి. ఫ్రీలాన్సర్‌కు పని దొరకని నెల కూడా ఉంటుంది. అందువల్ల ఖాళీ సాయంత్రం ఉచిత పోస్టర్‌కు ఇవ్వడం ఈ ధర్మం పరిధిలోకి వస్తుంది. ఇంటి అద్దె తెచ్చే పెళ్లి పత్రికను పక్కన పెట్టడం రాదు.