ఖజానా నిండినప్పుడు



చేతితో తాకలేని, నిజంగా లేని ఒక తుపాకీని పారేయడానికి మనిషికి మనసెందుకు ఒప్పదు? ప్రశ్న వింతగా ఉంది కదూ. మీ ఇంట్లో ఆటలాడే పిల్లలుంటే ఒకసారి వాళ్ల వెనక నిలబడి చూడండి. మీరే ఆడేవారైతే మరీ మంచిది, మీ సంగతి మీకు తెలుసు. ఆటలో కొంత సమయం పోరాటానికి పోతుంది. మరికొంత సమయం సంచి సర్దుకోవడానికే పోతుంది. ఈ చిన్న వ్యాసం ఆ సర్దుకోవడం గురించి.

తుపాకుల ఆట మొదటి శీలానికి తగునా అన్నది వేరే ప్రశ్న, దానికి వేరే చర్చ కావాలి. ఇక్కడ మనం చూసేది ఒక్కటే: దొరికినదాన్ని మనం ఏం చేస్తున్నాం?

డెస్టినీ 2 అనే ఆటనే తీసుకుందాం. బంగీ అనే సంస్థ 2017లో దీన్ని విడుదల చేసింది. కొందరు కలిసి జట్టుగా ఆడతారు. శత్రువు పడిపోయిన చోట తుపాకీయో కవచమో దొరుకుతుంది. దీన్ని 'లూట్' అంటారు. ఒక పాత్రకు మూడు రకాల ఆయుధాల గదులు, ఐదు రకాల కవచాల గదులు ఉంటాయి. ఒక్కో గదిలో ధరించింది ఒకటి, వెంట మోసేవి తొమ్మిది. అంటే ఒక్కో పాత్రకు 80 వస్తువులు. అలాంటి పాత్రలు మూడు పెట్టుకోవచ్చు. ఇవి చాలక అందరికీ 'వాల్ట్' అనే ఖజానా ఒకటుంది. తీసుకోకుండా వదిలేసినవి కొన్ని పోస్ట్‌మాస్టర్ దగ్గరికి చేరతాయి. అక్కడ 21 వస్తువులే పడతాయి. ఆపైన కొత్తది వస్తే పాతది పోతుంది.

ఆట మొదలైనప్పుడు ఖజానాలో 200 వస్తువులు పట్టేవి. చోటు చాలడం లేదని ఆటగాళ్లు అడిగారు. చోటు పెంచారు. మళ్లీ నిండింది. మళ్లీ అడిగారు, మళ్లీ పెంచారు. కొన్నేళ్లలో అది 500 దాటింది. అయినా 'చోటు లేదు' అనే మాట ఆగలేదు. ఇంటికి ఇంకో అటక కట్టించినవాళ్లకు ఈ కథ కొత్త కాదు.

ఎందుకిలా నిండుతుంది? 2018 నుంచి అదే పేరున్న తుపాకీ దొరికిన ప్రతిసారీ దాని గుణాలు మారి వస్తున్నాయి. ఒకటి త్వరగా గుళ్లు నింపుకుంటుంది, ఇంకొకటి దూరం కొడుతుంది. ఒకే తుపాకీవి నాలుగైదు దాచుకుంటారు. ఏది మంచిదో తేల్చుకోవాలంటే కూర్చుని పోల్చాలి, ఒకటి ఎంచాలి, మిగతావి వదలాలి. ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తారు? 'ఉండనీలే, ఎప్పుడైనా పనికొస్తుంది' అని ఖజానాలో పడేస్తారు. కాబట్టి ఖజానాలో ఉన్నవాటిలో చాలావరకు తుపాకులు అనుకోకండి. అవి తేల్చకుండా వాయిదా వేసిన నిర్ణయాలు. వాయిదాలకు ఎంత చోటిచ్చినా చాలదు.

'ఇది ఆటే కదండీ, ఆ వస్తువులు నిజం కాదు కదా' అని మీరు అనవచ్చు. నిజమే, అవి తెర మీది బొమ్మలు. అయితే చేసిన పనికి మూలం చేతన, అంటే మనసులోని సంకల్పం అని బుద్ధుడు చెప్పాడు. తుపాకీ బొమ్మదే కావచ్చు. దాన్ని వదలాల్సి వచ్చినప్పుడు మనసు పట్టేసే తీరు మాత్రం అసలైనదే. దాన్నే ఉపాదానం అంటాం. బంగారం మీదైనా, బొమ్మ మీదైనా ఆ పట్టు ఒకేలా ఉంటుంది. బొమ్మ దగ్గర నష్టం లేదు గనుక దాన్ని తీరిగ్గా గమనించవచ్చు. అభ్యాసానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

వస్తువులు ఎన్ని ఉంచుకోవాలన్న ప్రశ్న సంఘానికీ ఎదురైంది. వినయ పిటకంలో దీని గురించి ఒక కథ ఉంది. కొందరు భిక్షువులు భిక్షాపాత్రలు పోగుచేశారు. విహారం చూడ్డానికి వచ్చిన జనం అన్ని పాత్రలు చూసి, వీళ్లు కుండల దుకాణం పెడతారా ఏమిటని విసుక్కున్నారు. అదనపు పాత్ర ఉంచుకోకూడదని బుద్ధుడు నియమం పెట్టాడు. తర్వాత ఆనందుడికి ఒక పాత్ర అదనంగా వచ్చింది. అతను దాన్ని సారిపుత్తుడికి ఇవ్వాలనుకున్నాడు. సారిపుత్తుడేమో ఆ సమయంలో సాకేతంలో ఉన్నాడు. ఆనందుడు వెళ్లి సంగతి చెప్పాడు. ఎన్నాళ్లకు వస్తాడని బుద్ధుడు అడిగాడు. తొమ్మిదో రోజో పదో రోజో అని జవాబు. అయితే పది రోజుల వరకు ఉంచుకోవచ్చని నియమం సవరించాడు.

ఇందులో ఎంత నేర్పుందో చూడండి. 'అంతా పారేయి' అనలేదు. 'ఎంతైనా దాచుకో' అని కూడా అనలేదు. అడిగింది ఒకే ప్రశ్న: ఎన్నాళ్లకు? ఆనందుడి దగ్గర దానికి జవాబుంది. ఆ పాత్ర ఎవరికోసమో తెలుసు, ఎప్పటివరకో తెలుసు. పేరూ గడువూ ఉన్న వస్తువుకు చోటు దొరికింది.

ఇప్పుడు మీ ఖజానా తెరిచి ఒక్కో వస్తువునీ అలాగే అడగండి: ఇది దేనికోసం, ఎన్నాళ్లు? 'వచ్చే వారం ఫలానా పోరులో వాడతాను' అంటే ఉంచండి. 'ఎప్పుడో' అన్నదే జవాబైతే అది జవాబు కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాటవేయకూడదు. 2020 నవంబరులో ఆ ఆటలో పాత ఆయుధాల శక్తికి పరిమితి పెట్టారు. కష్టమైన పోరాటాల్లో అవి పనికిరాకుండా పోయాయి. చాలామంది వాటిని విడగొట్టేశారు. 2024లో ఆ పరిమితి ఎత్తేశారు. దాచుకున్నవాళ్లు 'చూశారా, మేమే గెలిచాం' అన్నారు. పారేసినవాళ్లు బాధపడ్డారు. మరి దాచడమే తెలివా? కాస్త ఆగి చూడండి. నాలుగేళ్లలో రెండుసార్లు విలువ తారుమారైంది. రెండుసార్లూ మార్చింది ఆటగాడు కాదు. ఇదే అనిచ్చ. పారేసినా దాచినా రేపటి విలువ మన చేతిలో ఉండదని తెలిస్తే, పారేసినవాడికి పశ్చాత్తాపమూ అక్కర్లేదు, దాచినవాడికి గర్వమూ అక్కర్లేదు.

ఇంకో రకం వస్తువులు ఉన్నాయి. రెయిడ్ అనే పెద్ద పోరుకు ఆరుగురు కావాలి. గంటల తరబడి కలిసి శ్రమపడి గెలిచిన రాత్రి దొరికిన తుపాకీ ఒకటి ఉంటుంది. ఆ ఆరుగురిలో ఇద్దరు ఇప్పుడు ఆడటం లేదు. ఒకరితో మాటలే లేవు. ఆ తుపాకీని వాడరు, వదలరు. దాన్ని పారేయమని నేను చెప్పను. కానీ మీరు దాచుకున్నది ఏమిటో పేరు పెట్టి చెప్పుకోండి. అది తుపాకీ కాదు, ఆ స్నేహితుడు. అలా చెప్పుకుంటే చేయాల్సిన పని కూడా తెలుస్తుంది: అతనికి ఒక ఫోను చేయడం. ఖజానాలో ఎన్నేళ్లు దాచినా ఆ పని జరగదు.

ఆనందుడి పాత్రకూ మన ఖజానాకూ పెద్ద తేడా ఒకటుంది. ఈ ఆటలో ఆయుధాన్ని మరొకరికి ఇవ్వడం కుదరదు. అక్కడ ఉన్నదంతా 'నాకోసం'. దానానికి దారి లేదు. మరి ఇవ్వగలిగింది ఏమైనా ఉందా? ఉంది, సమయం. ఒకరు ఖజానా సర్దుకుంటూ ఉంటే మిగిలిన ఐదుగురూ 'వస్తున్నావా?' అని ఎదురుచూస్తుంటారు. వాళ్లలో ఒకరు పొద్దున్నే ఆఫీసుకు వెళ్లాలి, ఇంకొకరు బిడ్డను నిద్రపుచ్చి వచ్చి కూర్చున్నారు. బొమ్మ తుపాకీ కోసం మనం ఖర్చుపెట్టేది వాళ్ల నిద్ర.

కాబట్టి మూడు చిన్న పనులు చేసి చూడండి.

ఒకటి, సర్దుకునే పని ఒంటరిగా ఉన్నప్పుడు చేయండి. ఇతరులు వేచి ఉన్నప్పుడు వద్దు.

రెండు, ఉంచుకునేదానికి పేరూ గడువూ పెట్టండి. డెస్టినీ ఐటెమ్ మేనేజర్ అని ఆటగాళ్లే తయారుచేసిన సాధనం ఉంది. అందులో ప్రతి వస్తువుకూ గుర్తు పెట్టి, చిన్న మాట రాసుకోవచ్చు. 'ఫలానా పనికి, ఈ నెలాఖరు వరకు' అని రాయండి. గడువు దాటాక ఇంకోసారి పొడిగించకండి.

మూడు, వస్తువును విడగొట్టాలంటే ఆటలో మీట కాసేపు నొక్కి పట్టుకోవాలి. పొరపాటు జరగకూడదని అలా పెట్టారు. ఆ క్షణం మీకు దొరికిన అవకాశం. లోపల 'అయ్యో' అని ఒకటి లేస్తుంది, ఛాతీలో చిన్న బిగువు వస్తుంది. దాన్ని తిట్టకండి, వెంటనే వేలు తీసేయకండి. చూడండి. వస్తువు పోయాక ఆ బిగువు ఎంతసేపు నిలిచిందో కూడా చూడండి.

చాలాసార్లు అది తర్వాతి వస్తువును చూసేలోపే పోతుంది. ఆ సంగతి ఒకరు చెబితే నమ్మడం వేరు, మీ అంతట మీరు చూడటం వేరు. ఒకసారి చూసినవారు ఆట కట్టేసి లేచి ఇంట్లో బీరువా తలుపు తీసినప్పుడు, అదే ప్రశ్న అక్కడ కూడా అడగగలుగుతారు: ఇది దేనికోసం, ఎన్నాళ్లు?