ఆయుధం మన చేతిలోనా, మనం ఆయుధం చేతిలోనా?



సాధ్ సంగత్ జీ! సూరత్‌లో వజ్రాలకు సానపడతారు. మన పెద్దలు ఆయుధాలకు సానపట్టారు. సిక్లీగర్ అంటే మెరుగు పెట్టేవాడనే అర్థం. మరి తుపాకీ కొనడం, అమ్మడం, మళ్ళీ కొనడం అనే ఆరాటం ఆ వృత్తికి కొనసాగింపేనా?

కాదు. 1699లో దశమ గురువు ఖాల్సాకిచ్చిన కిర్పాన్ బలహీనుణ్ణి కాపాడడానికి. దానితో బేరం లేదు. రక్షణకు హద్దుంది, లోభానికి లేదు. 2019 సవరణతో ఆయుధాల చట్టం సామాన్యంగా ఒకరికి లైసెన్సున్న తుపాకులు రెండే అంది. మూడోదానికి మనసు లాగితే, ‘ఇది ఎవరి రక్షణకు?’ అని అడగండి. జవాబు రాకపోతే అది లోభమే. లైసెన్సు లేని బేరంలో జైలుకెళ్ళేది ఒక్కడు, పస్తుండేది ఇల్లంతా.

పనితనం వదలొద్దు. ఇనుముతోపాటు మనసుకూ సానపడదాం.