యజమాని ఎవరు?

వ్యవసాయ సరఫరా గొలుసులో కూలీల పరిస్థితులను మెరుగుపరచే అభివృద్ధి పథకానికి మేనేజరు కావాలంటూ వెలువడిన ఒక ప్రకటన మా విద్యార్థి మిత్రుల మధ్య పెద్ద వాదానికి దారితీసింది. అలిపిరి దగ్గర సాయంకాలాలు కలుసుకునే మా చిన్న బృందంలో ఆ వాదం నాలుగు రోజులు నడిచింది. డబ్బు ఇచ్చేది విదేశీ సంస్థ. సహకరించేది సరుకు కొనే కంపెనీలు. అభ్యుదయ భావాలు గల యువకుడు ఆ కొలువు చేయవచ్చునా, కూడదా?

కూడదన్నవారి వాదం తెలిసిందే. దోచినదానిలో పిసరంత తిరిగి ఇచ్చి, దానికి పథకమని పేరు పెట్టి, కూలీ సంఘం పెట్టుకోకుండా చూడటమే దాని పరమార్థమని వారంటారు. చేయవచ్చునన్నవారు ఒక్కటే అడిగారు: సమాజం మారేదాకా ఆడకూలీ మరుగుదొడ్డి లేకుండా పన్నెండు గంటలు నిలబడవలసిందేనా? ఈ రెండో ప్రశ్నను ఎగతాళి చేయడం నాకు చేతకాదు. నిలబడేది మనం కాదు గదా.

అయినా రెండు పక్షాలూ ఒకే పొరపాటు చేస్తున్నాయని నా అభిప్రాయం. ఒకరు మేనేజరు చేతులకు మట్టి అంటుతుందా అని చూస్తున్నారు. రెండోవారు అతని చేతిమీదుగా ఎంత మేలు జరుగుతుందా అని చూస్తున్నారు. ఆ కూలీకి యజమాని ఎవరు అనే ప్రశ్న ఇద్దరికీ పట్టలేదు. పథకం నీతి ఆ ప్రశ్నకు అది చెప్పే జవాబులో వుంటుందే గాని మేనేజరు మనస్సాక్షిలో వుండదు.

ఇది గాలిలో చెప్పుకునే మాట కాదు. మన రాయలసీమలోనే, తెలుగునాట అందరూ ఎరిగిన ఉదాహరణ వుంది. పత్తి విత్తనం సంగతి చూడండి. 1970లో గుజరాత్‌లో సి.టి.పటేల్ రూపొందించిన హెచ్-4తో సంకర పత్తి వాణిజ్య సాగు మొదలైంది. సంకర విత్తనం తయారు కావాలంటే ఆడ మొక్కగా వాడే రకం మీద ప్రతి మొగ్గనూ సాయంత్రం చేత్తో విప్పి కేసరాలు తీసివేయాలి. మర్నాడు ఉదయం మగ రకం పువ్వు పుప్పొడిని దానికి అంటించాలి. కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో దీన్ని క్రాసింగు పని అంటారు. రెండు మూడు నెలలపాటు నాగా లేకుండా సాగవలసిన పని. ఈ పనిలోకి దించింది ఎక్కువగా ఆడపిల్లలను. వారిలో చాలామంది దళిత, వెనుకబడిన కులాల, ఆదివాసీ కుటుంబాలవారు. తల్లిదండ్రులకు ముందుగా అడ్వాన్సు ఇచ్చి పిల్లను సీజనంతా కట్టివేసేవారు. చిన్న వేళ్లయితే మొగ్గ నలగదని ఒక కథ ప్రచారంలో వుండేది. వేళ్ల సన్నదనం కంటే కూలి సన్నదనమే అసలు కారణం. పైగా పిల్ల ఎదురు చెప్పదు.

ఇందులో కంపెనీ ఎక్కడుంది? పొలం రైతుది. రైతుతో ఒప్పందం ఆర్గనైజరుది. మూల విత్తనం ఇచ్చేది, పంట అంతా కొనేది, ధర నిర్ణయించేది కంపెనీ. ‘పిల్లలను పనిలో పెట్టింది మేం కాదు’ అనడానికి ఈ అమరిక ఎంతో అనుకూలం. కాని అదే కంపెనీ మనుషులు సీజనంతా పొలాలకు వచ్చేవారు. మొగ్గలు సరిగా విప్పారా, పక్క రకం పుప్పొడి కలిసిందా అని చూసేవారు. విత్తనాన్ని మళ్లీ నాటి స్వచ్ఛత పరీక్షించేవారు. తప్పితే సరుకు తిరస్కరించేవారు. ఏ పువ్వుకు ఏ పుప్పొడి అంటిందో కనిపెట్టగలిగినవారికి, ఆ పుప్పొడి అంటించిన చేయి పదేళ్ల పిల్లదని తెలియలేదంటే నమ్మేదెలా? తన సరుకు కోసం ఎంత దూరం చూడగలడో అంత దూరమూ మనిషి కోసం చూడవలసిన బాధ్యత కొనేవానికి వుంది. నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే.

2003లో దావులూరి వెంకటేశ్వర్లు నివేదిక బహుళజాతి విత్తన కంపెనీల పేర్లతో సహా ఈ సంగతిని బయటపెట్టింది. 2002లో బేయర్ చేతికి వచ్చిన ప్రోఆగ్రో పేరూ అందులో వుంది. యూరపులో గొడవ జరిగింది. శాంతా సిన్హా నాయకత్వంలోని ఎం.వి. ఫౌండేషన్ వంటి సంస్థలు కంపెనీలను చర్చలకు దించాయి. ఆ తరువాత పథకం వచ్చింది: పిల్లలను పెట్టని రైతుకు కొనుగోలు ధర మీద 5 శాతం బోనసు, పెట్టినవాడికి శిక్ష, పొలాల తనిఖీ, పిల్లలకు బడి. దీన్ని మోసమని కొట్టివేయడం అన్యాయం. తనిఖీ గట్టిగా జరిగిన పొలాలలో పిల్లలు తగ్గారు. బడికి వెళ్లిన పిల్ల బడికి వెళ్లినట్లే; ఆ లెక్క ఎవరూ చెరపలేరు.

అయితే 2005లో వెంకటేశ్వర్లు, లూసియా ద కోర్తా కలిసి మరో ప్రశ్న వేశారు. కంపెనీ ఇచ్చే ధరకు పెద్దవాళ్ల కూలి ఇచ్చి రైతు గట్టెక్కగలడా? విత్తనపు పత్తి సాగులో పెద్ద ఖర్చు కూలిదే. ఆ ధరలోనే పిల్లల చౌక కూలి లెక్క దాగి వుందని వారు చూపారు. ఇక్కడ పథకం నిజస్వరూపం కనబడుతుంది. ధర కదలకుండా తనిఖీ మాత్రమే కదిలితే భారం రైతు మీద పడుతుంది. రైతు తప్పించుకునే దారి వెతుకుతాడు. విత్తనోత్పత్తి పెద్ద కమతాల నుంచి చిన్న కమతాలకూ, మారుమూల గిరిజన ప్రాంతాలకూ జరిగింది. అక్కడ పిల్ల కూలీ కాదు, ఇంటి మనిషి. 2016లో బాల కార్మిక చట్టాన్ని సవరించినప్పుడు 14 ఏళ్ల లోపు పిల్లల పనిని అన్ని రంగాలలోనూ నిషేధిస్తూ, బడివేళల తరువాత ఇంటివారికి సాయపడే పనిని మినహాయించారు. పిల్ల ఏ తలుపు గుండా మళ్లీ పొలానికి పోతుందో చట్టమే చూపించినట్లయింది. అంతకు ముందే, 2015లో, వెంకటేశ్వర్లు వెలువరించిన నివేదిక దేశంలో పత్తి విత్తన పొలాలలో 14 ఏళ్ల లోపు పిల్లలు దాదాపు 2 లక్షల మంది వున్నారని అంచనా వేసింది.

మా వూళ్లో తనిఖీ అంటే పిల్లవాడికి కూడా తెలుసు. అలిపిరి గేటు దగ్గర కొండకు పోయే ప్రతి సంచీ విప్పుతారు. సిగరెట్లు, మద్యం, మాంసం వెతుకుతారు, వుంటే దొరుకుతాయి. వెతకనిది దొరకదు. 2012 సెప్టెంబరులో కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ బట్టల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. దానికి అంతకు కొద్ది వారాల ముందే కార్మిక ప్రమాణాల సర్టిఫికెట్టు దక్కింది. తనిఖీ చేసేవానికి జీతం ఎవరిస్తున్నారు, అతడు ఎవరికి జవాబు చెప్పుకోవాలి అన్నదాన్ని బట్టి అతని కంటికి వస్తువులు కనబడతాయి.

ఇందుకు భిన్నమైన దారి ఒకటి అమెరికాలో ఫ్లారిడా టమాటా కూలీలు వేశారు. ఇమోకలీ కూలీల సంఘం పొలం యజమానితో మాత్రమే తలపడి వూరుకోలేదు. టమాటా కొనే టాకో బెల్ మీద 2001 నుంచి 2005 దాకా బహిష్కరణ నడిపింది. పౌను టమాటాకు ఒక సెంటు అదనంగా కొనేవాడు ఇవ్వాలి, అది కూలీకి చేరాలి; కూలీలను బాధించిన పొలం నుంచి కొనకూడదు. ఆ షరతులు ఒప్పందాలుగా మారి 2011 నాటికి ఫ్లారిడా టమాటా పొలాలలో చాలాభాగానికి విస్తరించాయి. పొలంలో హక్కులు బోధించేది కూలీలే, ఫిర్యాదు చేసేదీ కూలీలే. అక్కడా మేనేజర్లున్నారు, కాగితాలున్నాయి. అయితే మేనేజరు ఎవరి మనిషో అందరికీ తెలుసు.

ఇక మన జిల్లా సంగతి. చిత్తూరు ప్రాంతపు తోతాపురి మామిడి గుజ్జుగా మారి దేశదేశాలకు పోతుంది. కాయ కోసేవారు కూలీలు, మోసేవారు కూలీలు. ఫ్యాక్టరీలో కాయలు ఏరి, కడిగి, తొడిమెలు తీసేవారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. సొన పడితే చర్మం కాలుతుంది. తడి నేలమీద నిలబడే పని. సీజను రెండు మూడు నెలలు. తీసుకువచ్చేది మేస్త్రీ, కూలి ఇచ్చేది మేస్త్రీ. ఫ్యాక్టరీ రికార్డులో ఆమె ఎవరి మనిషి? ఇక్కడికి పథకం వస్తే చేతి తొడుగులు ఇస్తుంది, మరుగుదొడ్లు కట్టిస్తుంది, శిక్షణ తరగతి పెడుతుంది, ఎంతమంది వచ్చారో మూడు నెలలకొకసారి నివేదిక పంపుతుంది. తొడుగులు కావాలి, వాటిని తక్కువ చేసి మాట్లాడేవారు ఒకరోజు సొనలో చేతులు పెట్టి చూడాలి. కాని మూడేళ్లకు పథకం ముగిసిననాడు తొడుగులు అడిగే హక్కు ఆమె దగ్గర మిగిలిందా? అడిగినందుకు మరుసటి సీజనులో మేస్త్రీ పిలవకపోతే చెప్పుకునే చోటు వుందా?

మా మిత్రుడికి నేను చెప్పిన సలహా ఇంతే. ఉద్యోగంలో చేరే ముందు మూడు సంగతులు రాతపూర్వకంగా అడుగు: సరుకు ధర గురించి మాట్లాడే అధికారం పథకానికి వుందా, కూలీల ఫిర్యాదులు కంపెనీ చేయి దాటి బయటకు పోతాయా, సంఘం పెట్టుకుంటే పథకం ఎవరి పక్కన నిలుస్తుంది? లేదని జవాబు వస్తే ఆ కొలువు కేవలం కొలువే. బతుకుతెరువు కోసం చేసుకోవచ్చు, అందులో సిగ్గు లేదు. దాన్ని ఉద్యమమని పిలవడమే కూడదు.

ధర మాట ఎవరూ ఎత్తలేనిదేమీ కాదు. 2025 జూన్‌లో తోతాపురి ధర పడిపోయినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలనీ, తాను 4 రూపాయలు కలుపుతాననీ ప్రకటించింది. ర్యాంపుల దగ్గర ఆ 8 రూపాయలు దక్కడం లేదని రైతులు మొరపెట్టుకున్నారు. అది వేరే పోరాటం. కిలో కాయకు ఎవరెంత ఇవ్వాలో ఒక కాగితం మీద రాయవచ్చునని మాత్రం తేలిపోయింది. ఆ 12 రూపాయలలో కోత కూలి ఎంత, ఏరే ఆడమనిషి కూలి ఎంత అన్న మాట ఆ సీజనంతా నా చెవిన పడలేదు. మన సభల్లో రైతు కూలీ అని ఒకే మాటగా పలుకుతాం. మామిడి తోటలో వారు ఇద్దరు. ధర కోసం రైతు సంఘం మళ్లీ అర్జీ పెట్టేనాడు కూలి రేటును కూడా అందులో చేర్చమని అడగాలి. ఎకరం రెండెకరాల రైతు ఒప్పుకోవచ్చు. పెద్ద తోటలవారు ఒప్పుకోరు, వారిలో కొందరు మన సంఘాలలోనే వున్నారు.