పోడులో కూలిన చెట్టు: పాపం ఎవరిది?

2005లో ఛత్తీస్‌గఢ్‌లోని నాటి దంతెవాడ జిల్లాలో, ప్రభుత్వ అండతో సాగిన మావోయిస్టు వ్యతిరేక సాయుధ ఉద్యమం సల్వాజుడుం మొదలైన తరువాత, ఒకవైపు దాని దాడులకూ మరొకవైపు మావోయిస్టుల ప్రతీకారానికీ నడుమ నలిగిన మురియా ఆదివాసులు వేల సంఖ్యలో ఊళ్లు విడిచి, సరిహద్దు దాటి, నేటి తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. ఇక్కడివారు వారిని గుత్తికోయలు అన్నారు. మిర్చి కోతలకు కూలికి వెళ్లారు. వాగు ఇసుకలో చెలమ తోడి, ఊరిన నీటిని గిన్నెతో బిందెలోకి ఎత్తుకున్నారు. కూలి లేని నెలల తిండి కోసం పోడు కొట్టారు, అంటే చెట్లు నరికి, ఎండాక తగలబెట్టి, ఆ బూడిద సారంతో పంట తీశారు. చెట్టు పోయిన వాలు నేలలో పైమన్ను వానకు కొట్టుకుపోతుంది కనుక అడవికి జరిగిన నష్టాన్ని కాదనలేము. ఆ హింస ఎవరి ఖాతాలో పడుతుందన్నదే ప్రశ్న.

గొడ్డలి పట్టినవాడే దోషి అని మన సంప్రదాయం తేల్చలేదు. పతంజలి యోగసూత్రాలు హింసను కృతం, కారితం, అనుమోదితం అని విభజించాయి; మొదటిది స్వయంగా చేసినది, రెండవది ఇతరుల చేత చేయించినది, మూడవది జరుగుతుండగా సమ్మతించినది. ఈ దృష్టితో చూస్తే, ఊళ్లు తగలబెట్టి తరిమినవారికీ, ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా నియమించిన ప్రభుత్వానికీ (2011 జులై 5న సుప్రీంకోర్టు ఆ పద్ధతిని రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది) పోడులో కూలిన ప్రతి చెట్టులోనూ భాగం ఉంది.

మరి నరికినవారి మాట? దానికి ఆపద్ధర్మం, అనగా ప్రాణం మీదికి వచ్చినప్పుడు సాధారణ నియమం సడలే ధర్మం, సమాధానం చెబుతుంది. శాంతిపర్వంలో, పన్నెండేళ్ల అనావృష్టిలో విశ్వామిత్రుడు చండాలుని ఇంట కుక్క మాంసం దొంగిలించబోయి, ప్రాణం నిలిస్తేనే ధర్మాచరణ సాధ్యమని వాదిస్తాడు. అయితే ఆ కథలో చివరికి వాన కురుస్తుంది. ఆపదకు అంతం ఉంటుందన్న నమ్మకం మీదే ఆపద్ధర్మం నిలబడింది. గుత్తికోయలకు ఆ వాన కురవలేదు. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు తెగవారైన వీరికి తెలంగాణలో ఆ గుర్తింపు లేదు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికే సాగులో ఉన్న గిరిజనులకు హక్కు ఇస్తుంది, ఇతరులను 75 ఏళ్ల నివాసం చూపమంటుంది. ఆపద తీరే దారులన్నీ మూసి, ఆపదలో చేసిన పనికి శిక్ష వేయడం అధర్మమే.

నష్టం చట్టంతోనే ఆగదు. మురియాల విశ్వాసంలో నేలను పూజించే గాయిత పదవి సాధారణంగా ఆ ఊరిని మొదట నిలిపిన వంశానికి చెందుతుంది. విత్తే ముందు అతడు భూమిని వేడుకుంటాడు. పారిపోయి వచ్చినవారు పరాయి నేలలో ఏ అధికారంతో వేడుకోగలరు? ఎక్కడ నరకవచ్చో ఎక్కడ కూడదో చెప్పే పూర్వపు కట్టుబాటు కూడా ఆ అధికారం పోవడంతోనే సడలుతుంది. అడవిని కాపాడదలచినవారు ఈ నష్టాన్ని లెక్కించినట్టు కనబడదు.

2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో గుత్తికోయలతో వచ్చిన పోడు తగాదాలో ఒక అటవీ అధికారి హత్యకు గురయ్యారు. ఆపద్ధర్మం ఆ హత్యను ఏ విధంగానూ సమర్థించదు. కాని ఆ నేరానికి గుత్తికోయలందరినీ వెళ్లగొట్టాలని స్థానిక పంచాయతీ చేసిన తీర్మానం, పెద్దలు పారిపోయి వచ్చిన తరువాత ఇక్కడే పుట్టిన పిల్లలను కూడా, వారు ఎన్నడూ చూడని ఊరికి పొమ్మంది.