పాత్రల కర్మ, రచయిత స్వేచ్ఛ

కథ రాసిన మనిషి రెండోసారి చదువుకుంటూ ఒక వాక్యం దగ్గర ఆగుతాడు. "ఇది అబద్ధం" అనుకుని కొట్టేస్తాడు. ఊరు కల్పితం, మనుషులు కల్పితం, జరిగిందంతా కల్పితమే అయినప్పుడు అందులో ఒక్క వాక్యం మాత్రం ప్రత్యేకించి అబద్ధం ఎలా అయింది? చరిత్రకారుడు తప్పు రాస్తే శాసనం పట్టిస్తుంది, విలేకరి తప్పు రాస్తే సాక్షి పట్టిస్తాడు. కథకుణ్ణి పట్టించేది ఏది? అతనికి నచ్చలేదు గనక కొట్టేశాడు, అంతకు మించి ఏమీ లేదని సులువుగా తేల్చేయవచ్చు. అయితే తమకు ఎంతో ఇష్టమైన వాక్యాలనే రచయితలు తీసేస్తుంటారు. ఇష్టమే కొలత అయితే ఆ వాక్యాలు ఉండిపోవాలి. అంటే దిద్దే చెయ్యి ఇష్టానికి కాక మరి దేనికో లోబడుతోంది. అదేమిటన్నది అలంకారశాస్త్రం ఒక్కటే తేల్చగల ప్రశ్న కాదు. సృష్టికర్తకు తన సృష్టి పట్ల బాధ్యత ఉందా అనే పాత వేదాంత ప్రశ్న కూడా ఇందులో ఉంది.

కావ్యజగత్తులో కవే ప్రజాపతి, అతని అభిరుచిని బట్టే ఆ లోకం తిరుగుతుంది అనే భావన 9వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడి ధ్వన్యాలోకంలో ఉంది. రచయితలు దీన్ని ఒక సర్వాధికార పత్రంలా వాడుకుంటూ వచ్చారు. ప్రజాపతి అన్నాక అసలు ప్రజాపతి మీద మన దార్శనికులు వేసిన అభియోగం కూడా చూడాలి కదా! బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం మొదటి పాదంలో ఆ చర్చ ఉంది. ఒకణ్ణి సుఖంలోను, మరొకణ్ణి దుఃఖంలోను పుట్టించిన ఈశ్వరుడికి పక్షపాతం, క్రూరత్వం అంటవా అన్నది ప్రశ్న. అంటవు, ఎందుకంటే ఆయన సృష్టి నిరపేక్షం కాదు, జీవుల కర్మను అనుసరించి సాగుతుంది అన్నది సూత్రకారుడి సమాధానం. శంకరుల భాష్యంలో ఈశ్వరుడు వాన లాంటివాడు. వాన అన్ని పైర్లకూ ఒకటే, వరి వరిగా, యవలు యవలుగా మొలవడం విత్తనాన్ని బట్టి. దిద్దే రచయిత సరిగ్గా ఇలాంటి సాపేక్ష ప్రజాపతి అని నా వాదన. మొదటి వాక్యం రాసేదాకా అతను స్వతంత్రుడు. రాసిన మరుక్షణం నుంచి పాత్రలకు కర్మ పోగవడం మొదలవుతుంది. "ఇది అబద్ధం" అంటే ఈ ఫలం ఈ పాత్ర చేసుకున్నది కాదు, నేను అంటగట్టింది అని.

టాల్‌స్టాయ్ 1873లో 'అన్నా కరేనినా' మొదలుపెట్టినప్పటి చిత్తుప్రతుల్లో నాయిక అంత ఆకర్షణ ఉన్న మనిషి కాదు. కొంత మోటు, కొంత చవకబారు. భర్త మాత్రం సౌమ్యుడు, జాలిపడదగినవాడు. దారి తప్పిన భార్యకు తీర్పు ముందే రాసి ఉంది, నవల దాన్ని చదివి వినిపిస్తే చాలు అన్నట్టుగా మొదలైన రచన అది. తిరగరాస్తున్న కొద్దీ అన్నాకు అందం, తెలివి, హుందాతనం వచ్చాయి. భర్తలో బిగువు, లోకం ఏమనుకుంటుందో అన్న గుంజాటన బయటపడ్డాయి. ఆమె చావు మాత్రం తప్పలేదు. మారింది శిక్ష కాదు, న్యాయాధికారి. మొదట ఆమెను చావులోకి తోసేది రచయిత నైతిక సిద్ధాంతం. చివరికి వచ్చేసరికి ఆమె స్వభావం, సమాజం, ఆమె అనుమానం, ఒంటరితనం కలిసి అక్కడికి తీసుకెళ్తాయి. సూత్రకారుడు అన్న పక్షపాతం ఇక్కడ చిత్తుప్రతి తరవాత చిత్తుప్రతిగా కరిగిపోవడం చూడవచ్చు. టాల్‌స్టాయ్ స్వతహాగా తీర్పులంటే మక్కువ ఉన్న మనిషి. అలాంటివాడి చేతనే దిద్దుబాటు ఈ పని చేయించింది.

ఇక్కడ గట్టి ఆక్షేపణ ఒకటి వస్తుంది. పాత్ర కర్మ అంటున్నారు, ఆ కర్మను రాసింది మాత్రం ఎవరు? అదీ రచయితే. తాను రాసినదానికి తానే కట్టుబడ్డానని చెప్పుకోవడం బంధమెలా అవుతుంది? బ్రహ్మసూత్రాల్లోనూ వెంటనే దాదాపు ఇదే ప్రశ్న ఉంది. సృష్టికి ముందు జీవులే లేనప్పుడు కర్మ ఎక్కడిది అని. సంసారం అనాది అని అక్కడ బదులిచ్చారు. కథ అనాది కాదు, మొదటి పేజీ ఉంది, కాబట్టి ఆ సమాధానం మనకు పనికిరాదు. పైగా ఈశ్వరుడికి లేని వెసులుబాటు కథకుడికి ఉంది. గడిచిన కర్మనే మార్చేయగలడు. అయితే ఆ వెసులుబాటే అతని బాధ్యతను పెంచుతుంది. ఫలం కుదరకపోతే ఫలాన్ని అతకడం ఒక దారి, వెనక్కి వెళ్లి విత్తనాన్ని మార్చడం రెండో దారి. రెండోది ఎంత కష్టమో గురజాడ 'కన్యాశుల్కం' చూపిస్తుంది. (అది నాటకమే అయినా ఈ విషయంలో కథకూ దానికీ తేడా లేదు.) 1892లో విజయనగరంలో ఆడిన ఆ నాటకం 1897లో అచ్చయింది. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త రచన. అందులో అందరికన్నా ఎక్కువ ఎదిగింది మధురవాణి. సానికొంపల మీద సంస్కర్తలు కత్తి కట్టిన కాలంలో, సంస్కరణ పక్షాన నిలబడ్డ గురజాడ, ఒక వేశ్యకు కథ పగ్గాలు ఇచ్చాడు. ఆమె మగవేషంలో వెళ్లి యాంటీనాచ్ సౌజన్యారావు పంతులుతో మాట్లాడే దృశ్యం నిలవాలంటే ఆ ఒక్క దృశ్యం బాగా రాస్తే చాలదు. ఆమెను ఉంచుకున్న రామప్పంతులు ఇంట్లో ఆమె నోట పలికే ప్రతి మాటలోను ఆ తెలివి ముందే ఉండాలి. ఒక మనిషిని మారిస్తే చుట్టూ ఉన్నవాళ్లందరి లెక్కా మారుతుంది. గిరీశం చిన్నబోతాడు, సంస్కర్త తడబడతాడు. తాను రాసిందే అయినా తనను కట్టేస్తుందంటే అర్థం ఇదే: ఎక్కడైనా మార్చవచ్చు, ఒక్కచోటే మార్చడం కుదరదు.

రెండో ఆక్షేపణ భక్తుల వైపు నుంచి వస్తుంది. కవిత్వం దైవదత్తం, వచ్చినదాన్ని దిద్దడం అహంకారం అంటారు. గజేంద్రమోక్షంలో పోతన ఒక పద్యం మధ్యలో ఆగిపోయి బయటికి వెళ్తే, రాముడే పోతన రూపంలో వచ్చి పూరించి వెళ్లాడన్న ఐతిహ్యం దీనికి సాక్ష్యంగా చెబుతారు. ఆ కథను కాస్త నిదానంగా చూస్తే సాక్ష్యం ఇటు తిరుగుతుంది. వచ్చిన దేవుడు పోతన రాసింది చెరిపేసి తన పద్యం రాయలేదు. భక్తుడు ఎత్తుకున్న ఛందస్సులోనే, అతను మొదలుపెట్టిన వాక్యాన్నే ముగించాడు. ఐతిహ్యంలోని దేవుడు కూడా సాపేక్షుడే. విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' అంతటి నవలను తమ్ముడికి చెప్పి రాయించి నెలలోపే ముగించారని ప్రసిద్ధి. నిజమే, అందరూ కాగితం మీదే దిద్దరు. నోటికి వచ్చేముందు మనసులో ఎన్ని వాక్యాలు వీగిపోయాయో లెక్క ఉండదు. నేను మాట్లాడుతున్నది ఎర్రసిరా గురించి కాదు, లోబడడం గురించి. అది ముందు జరిగినా తరవాత జరిగినా ఒకటే.

మూడోది అన్నిటికన్నా సూక్ష్మమైంది. కర్మ లెక్క అంత కచ్చితమైతే ప్రతి కథకూ ఒకే ఒక్క సరైన రూపం ఉండాలి కదా? ఆలంకారికుడు వామనుడు అటువైపే మొగ్గాడు. మనసు ఊగిసలాడినంతసేపు పదాలు పెట్టడం, తీయడం సాగుతుంది, పదాన్ని మార్చడానికి వీలులేని స్థితి వస్తే అదే పాకం అని అతని మతం. రాజశేఖరుడు కావ్యమీమాంసలో దీన్ని ఉదహరించి, పక్కనే తన భార్య అవంతిసుందరి అసమ్మతిని నమోదు చేశాడు. అది పాకం కాదు, అశక్తి అంటుందామె. మహాకవుల చేతిలో ఒకే విషయానికి అనేక పాఠాలు పండుతాయి, రసానికి తగిన శబ్దార్థాల కూర్పే పాకం అని ఆమె వాదం. ఈ తగవులో నేను అవంతిసుందరి పక్షమే. 1861లో డికెన్స్ 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'కు మొదట రాసిన ముగింపులో నాయకుడు పిప్, అతను ప్రేమించిన ఎస్టెల్లా లండన్ వీధిలో కాసేపు ఎదురుపడి విడిపోతారు. ఆమెకు అప్పటికే మళ్లీ పెళ్లయింది. మిత్రుడు బుల్వర్ లిటన్ సలహా మీద దాన్ని మార్చి, శిథిలమైన పాత ఇంటి తోటలో ఇద్దరినీ కలిపాడు. డికెన్స్ పోయాక ఫార్‌స్టర్ జీవితచరిత్రలో పాత ముగింపు బయటపడినప్పటి నుంచి ఏది సరైందన్న తగాదా తెగలేదు. రెండింటిలోనూ కదలని విషయం ఒకటుంది: పెంచిన మిస్ హావిషమ్ నేర్పిన రాతిగుండెను ఎస్టెల్లా పడ్డ బాధ ఓడించింది. ఆ లెక్క చెడనంతవరకు రెండు ముగింపులూ నిలుస్తాయి. నాకు మొదటిదే ఇష్టం, కానీ రెండోది అబద్ధమని అనలేను. దారులు పలు ఉన్నంత మాత్రాన ఎటు నడిచినా దారే అని కాదు.

చివరికి ఒక మొండి ప్రశ్న మిగులుతుంది. లేని మనుషులకు అన్యాయం ఏమిటి? ఏడ్చేవాడే లేడు కదా? అమెరికన్ కథకుడు రేమండ్ కార్వర్ విషయంలో ఇది మాటల పోటీ కాకుండా పోయింది. 1981లో వచ్చిన అతని కథల సంపుటిని సంపాదకుడు గోర్డన్ లిష్ సగానికి పైగా కోసేశాడు. ప్రచురణ ఆపమని కార్వర్ ఉత్తరంలో బతిమాలుకున్నా ఆగలేదు. అందులో ఒక కథలో, ఎవరి పుట్టినరోజుకు తల్లి కేకు ఆర్డరిచ్చిందో ఆ కుర్రాడిని కారు గుద్దుతుంది. కేకు తీసుకెళ్లలేదన్న కోపంతో బేకరీవాడు తల్లిదండ్రులకు ఫోన్లు చేస్తుంటాడు. లిష్ పాఠంలో కుర్రాడి గతి తేలకముందే, ఫోన్లో మాట నడుస్తుండగా కథ ఆగిపోతుంది. అది ఒణికిస్తుంది, కాదనను. కానీ అందులో బేకరీవాడు మనిషి కాదు, భయపెట్టే గొంతు మాత్రమే. అతనికి గతం లేదు, అలసట లేదు, తెలుసుకున్నాక సిగ్గుపడే అవకాశం లేదు. అది క్రూరత్వమే, మిగతా కథనం ఎంత పదునుగా ఉన్నా సరే. నష్టపోయింది లేని బేకరీవాడు కాదు. ఫోన్లో విసుక్కునే అపరిచితుడి వెనక ఒక మనిషి ఉండవచ్చని తలచే అవకాశం కోల్పోయిన పాఠకుడు, అతను ఉన్నవాడే. 1983లో కార్వర్ 'కెథీడ్రల్' సంపుటిలో నిడివైన పాఠాన్ని అచ్చువేసుకున్నాడు. అందులో కుర్రాడు చనిపోతాడు. బేకరీవాడు క్షమాపణ అడిగి, ఆ తల్లిదండ్రులను కూర్చోబెట్టి వేడి రొట్టెలు పెడతాడు. కొందరికి ఇది మెత్తదనంగా తోచింది, పొట్టి పాఠమే గొప్పదని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. రెండూ అచ్చులో దొరుకుతున్నాయి, పక్కపక్కన పెట్టుకుని చదవవచ్చు.